లక్ష్మి పేరుకు ఏడు ప్రశ్నార్థకాలు

పూర్వం మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దొరలకూ మన వర్తకులకూ నడుమ దుబాసీలు ఉండేవారు. ఇద్దరి భాషా తెలిసిన దుబాసీ లేనిదే బేరం సాగేది కాదు. దుబాసీ తప్పుగా చెబితే సరుకు ఒకటైతే పద్దు మరొకటయ్యేది. కంప్యూటర్ల లోకంలో నేటికీ అటువంటి దుబాసీలు ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

సమాచారాన్ని భద్రపరిచే సాఫ్టువేరు వేరు. దానిని అడిగి తెచ్చి జాబితాగా మన ముందుంచే సాఫ్టువేరు వేరు. 1970లో ఐ.బి.ఎం. పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికల రూపంలో అమర్చే సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1974లో అదే సంస్థకు చెందిన డోనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాషను రూపొందించారు. నేటి ఎస్.క్యు.ఎల్. దాని పరిణత రూపమే. అయితే భాష ఒక్కటైనా, ఒక్కొక్క సంస్థ తయారుచేసిన డేటాబేసు దానిని ఒక్కొక్క యాసలో మాట్లాడసాగింది. 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఓ.డి.బి.సి. అనే ఏర్పాటును విడుదల చేసింది. దాని ప్రకారం అడిగే సాఫ్టువేరు ఎప్పుడూ ఒకే తీరున అడుగుతుంది; ఆయా డేటాబేసుకు తగిన దుబాసీని మాత్రం మనం విడిగా అమర్చుకోవాలి. ఆ దుబాసీ పేరే డ్రైవరు.

2019లో కృష్ణాతీరాన ఉన్న ఒక చేనేత సహకార సంఘంలో ఈ దుబాసీ చేసిన పనిని దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. సంఘంలో కొన్ని వందల మంది సభ్యులు. మజూరీలోనుండి నెలనెలా కొంత సొమ్ము పొదుపు నిధికి జమ అవుతుంది. ఆ లెక్కలన్నీ పాత కంప్యూటరులో మైసీక్వెల్ డేటాబేసులో ఉన్నాయి. కొత్తగా కొన్న కంప్యూటరులోని యాక్సెస్ ద్వారా ఆ పట్టికలను చూచి, దసరాకు ముందే సభ్యులకు సొమ్ము పంచాలని కార్యదర్శిగారి సంకల్పం. ఈ పనితో నాకు కొంత పరిచయం ఉన్నందున కబురు పంపారు.

మొదటి ఆటంకం చిన్నదే. డ్రైవరు 64 బిట్లది, యాక్సెస్ 32 బిట్లది. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. కంప్యూటరు ఎంత కొత్తదైనా సరే, అడిగే సాఫ్టువేరు ఎన్ని బిట్లదో డ్రైవరు కూడా అన్ని బిట్లదే కావాలి. ఇక్కడ విండోస్‌లో ఒక చిత్రమున్నది. సిస్టమ్32 అనే ఫోల్డరులో ఉండేవి 64 బిట్ల సరంజామా. సిస్‌వావ్64 అనే ఫోల్డరులో ఉండేవి 32 బిట్లవి. పేరు చూచి లోపలికి వెళ్ళినవాడు దారి తప్పక మానడు. 32 బిట్ల డ్రైవరును తెచ్చి అమర్చాము. పాత కంప్యూటరు చిరునామా, 3306 అనే పోర్టు సంఖ్య, వాడుకరి పేరు, సంకేతపదం అప్పటికే సరిగా ఉన్నాయి. అనుసంధానం కుదిరింది. పట్టిక తెరపైకి వచ్చింది.

అంకెలన్నీ ఉన్నాయి, పేర్లు లేవు. పేర్లు ఉండవలసిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు. లక్ష్మి అన్న పేరున్న చోటల్లా ఏడు. వెంకటమ్మకు ఎనిమిది, సుబ్బమ్మకూ ఎనిమిదే. ఎవరి సొమ్ము ఎవరిదో చెప్పే ఆధారం తెరమీద మిగలలేదు.

గుమాస్తా కుర్రవాడు ఉత్సాహవంతుడు. "పుస్తకంలో పేర్లున్నాయి కదా మాస్టారూ, రాత్రికి కూర్చుని అన్నీ మళ్ళీ టైపు చేసేస్తాను" అన్నాడు. కార్యదర్శిగారు కూడా సరేనన్నారు. "వద్దు బాబూ, ముందు అసలు పేర్లు ఉన్నాయో పోయాయో చూద్దాం" అన్నాను.

చూడడానికి ఒక సులువైన మార్గమున్నది. లక్ష్మి అన్న మాట మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి ఏడు సంకేతాలు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్ల చోటు తీసుకుంటుంది. అంటే నిజమైన లక్ష్మికి 21 బైట్లు. ప్రశ్నార్థకానికి ఒక్క బైటు చాలు. లోపల నిజంగా ప్రశ్నార్థకాలే ఉంటే 7 బైట్లే ఉండాలి. పేరు అడగకుండా, ఆ పేరు ఎన్ని బైట్లు ఉన్నదో చెప్పమని డేటాబేసును అడిగాము. అంకెలకు లిపితో పేచీ లేదు కనుక జవాబు చెక్కుచెదరకుండా వచ్చింది: 21.

పేర్లు భద్రంగానే ఉన్నాయి. లోపం దుబాసీలో ఉన్నది. మైసీక్వెల్‌కు ఓ.డి.బి.సి. డ్రైవర్లు రెండు రకాలు: ఒకటి ఆన్సీ, రెండవది యూనికోడ్. అమరిక చేసినవారు మొదటిదానిని ఎంచుకొన్నారు. విండోస్‌లోని పాత ఆన్సీ పట్టికలలో తెలుగుకు చోటు లేదు. తన పట్టికలో లేని ప్రతి సంకేతానికీ ఆ దారి ఒక ప్రశ్నార్థకాన్ని ఇచ్చి ఊరుకొంటుంది. గుమాస్తా ఆ రాత్రి కూర్చుని శ్రద్ధగా తెలుగులో టైపు చేసి ఉంటే, ఆ అక్షరాలు అదే దుబాసీ చేతిమీదుగా తిరిగి వెళ్ళి, ప్రశ్నార్థకాలుగానే లోపల చేరేవి. అంతవరకు తెరకే పరిమితమైన లోపం అసలు పద్దుకు ఎక్కేది. 21 బైట్లు 7 అయ్యేవి. ఆ పైన ఏ నిపుణుడు వచ్చినా ఆ ప్రశ్నార్థకాలలో నుండి లక్ష్మిని వెలికితీయలేడు.

యూనికోడ్ డ్రైవరును ఎంచి అనుసంధానాన్ని మళ్ళీ అమర్చగానే పేర్లన్నీ కనిపించాయి. గుమాస్తా ఒక్కొక్క పేరే పైకి చదువుతూ పుస్తకంతో సరిచూచాడు. పని పూర్తయ్యాక కొత్త కంప్యూటరుకు చదివే అనుమతి మాత్రమే ఉంచి, రాసే అనుమతి తీసివేయించాను. కార్యదర్శిగారికి అది మొదట కొంత అసౌకర్యంగా తోచింది గాని, కారణం వివరించిన మీదట సమ్మతించారు.

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడినప్పుడే తెలుగుకు అందులో 128 స్థానాల ఖండం ఏర్పడినది. స్థానం దక్కినంత మాత్రాన అక్షరం గమ్యం చేరదు. దారి పొడుగునా ప్రతి మధ్యవర్తికీ అది తెలిసి ఉండాలి. ఇన్ని లిపులున్న మన దేశంలో రేషను జాబితా కానీ, పింఛను జాబితా కానీ, పాఠశాల హాజరుపట్టీ కానీ ఏదో ఒకనాడు ఒక కంప్యూటరు నుండి మరొకదానికి మారవలసిందే. అటువంటి అమరిక చేసేవారు కోరవలసినవి రెండే. మొదట చదివే అనుమతితో మాత్రమే కలపండి. తరువాత మీ భాషలోని ఒక పేరును, ఒత్తులూ గుణింతాలూ ఉన్న పేరును, ఈ కొస నుండి ఆ కొస వరకు పరీక్షించండి. అంకెలు సరిపోయాయని తృప్తిపడరాదు. సొమ్ము ఎంతో అంకె చెబుతుంది. అది ఎవరి కష్టార్జితమో చెప్పేది పేరే.