పడవ గూడు

నేను కాపరిగా ఉన్న రెండు సంఘములలో ఒకటి గోదావరి లంకలో ఉంది. వశిష్ఠ పాయ దాటి వెళ్ళాలి. ప్రతి ఆదివారము ఈ ఒడ్డున ఆరాధన ముగించుకొని, నాలుగు మెతుకులు తిని రేవుకు చేరుకుంటాను. పడవ చిన్నది. పొడవు 22 అడుగులు, మధ్యలో వెడల్పు 5 అడుగులు. దాన్ని నడిపే పెద్దాయనను లంకవాళ్ళందరూ తాత అనే పిలుస్తారు, నేనూ అంతే.

మూడేళ్ళ క్రితం వైశాఖపు గాలులకు పడవమీది తాటాకు గూడు లేచిపోయింది. గూడు లేని పడవ ఎంత కష్టమో లంకవాళ్ళనడగండి. జ్వరమొచ్చినవాళ్ళను ఆసుపత్రికి తెచ్చేదీ, బాలింతలను ఇంటికి చేర్చేదీ ఆ పడవే. సంఘములో ఒక్క మాట చెప్పగానే కానుకలు పోగయ్యాయి. ఒక విధవరాలు కోళ్ళు అమ్ముకున్న 300 రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. మొత్తం 4,600 అయింది.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. ఈ రోజుల్లో ఇంకా తాటాకేమిటి అనుకున్నాను. పట్నంలో ఇనుప గొట్టాలతో ఆరడుగుల ఎత్తు చట్రం చేయించి, ధాన్యం ఆరబోసే నీలం బరకం ఒకటి పైన కప్పి, రెండు పక్కలా పడవ అంచుల వరకూ దింపించాను. లోపల నిలబడి నడవవచ్చు! తాత చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంతెత్తు వద్దండయ్యగారూ. ఇది గూడు కాదండి, తెరచాపండి."

"మంచిదే కదా తాతా, నీకు గెడ వేసే శ్రమ తప్పుతుంది" అని నవ్వాను. తాత నవ్వలేదు.

జూన్ నెలలో ఒక ఆదివారము సాయంకాలము లంకనుండి తిరిగి వస్తున్నాము. పడవలో తొమ్మిదిమందిమి. పాలు తాగడంలేదని పన్నెండు రోజుల బిడ్డను ఆసుపత్రికి తీసికొని వస్తున్న బాలింత ఒకతె ఉంది. పడమట నల్లగా కమ్ముకొచ్చింది. బిడ్డ తడవకూడదని నేనే పక్క బరకాలు దింపి, నైలాన్ తాళ్ళతో ముడిమీద ముడి వేసి బిగించాను.

పాయ నడుమకు వచ్చేసరికి గాలి పక్కనుండి కొట్టింది. బరకం పొట్టలా ఉబ్బింది. పడవ ఒరిగిపోయి, ఒక పక్క అంచుమీదుగా నీళ్ళు లోపలికి దూకాయి. అందరమూ ఒకరిమీద ఒకరం పడ్డాము. నేను వేసిన ముళ్ళు నాకే ఊడలేదు, చేతులు వణికిపోయాయి. తాత గెడ వదిలేసి, బొండాలు కొట్టే కత్తితో తాళ్ళను తెంపాడు. బరకం పక్షిలా లేచి నీళ్ళలో పడింది. పడవ నిలబడింది. ఆ వానలో బిడ్డ ఏడుపు వినబడేవరకు నాకు ఊపిరి ఆడలేదు.

2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది. గాలివానకు తలుపులు, కిటికీలు మూసుకొని కూర్చున్నవారు బయటపడలేకపోయారన్న వార్త చదివాను. ఆ కుటుంబాల కొరకు వేదికమీద నిలబడి ప్రార్థన కూడా చేశాను. అయినా అలాంటి మూతే నా చేతులతో నేను బిగించాను.

మరుసటి ఆదివారము సంఘము ఎదుట జరిగినది దాచకుండా చెప్పి, సొమ్ము పాడుచేసినందుకు క్షమించమన్నాను. కోళ్ళు అమ్మిన ఆ తల్లి లేచి, "బిడ్డ బాగుందా అయ్యగారూ?" అని మాత్రమే అడిగింది. బాగానే ఉంది, రెండో రోజునే పాలు పట్టింది.

తరువాత గూడు తాతే కట్టాడు. నేను బద్దలు అందించాను. ముదురు వెదురు చీల్చి, రెండు రోజులు నీళ్ళలో నానవేసి, విల్లులా వంచి, కొసలు పడవ లోపలి చెక్కలకు కట్టాడు. అలాంటి వంపులు అయిదు. వాటిమీద అడ్డంగా సన్న బద్దలు. తాటాకును రాళ్ళ బరువు కింద పెట్టి చదును చేశాము. పాక నేసినట్టే కింది అంచునుండి మొదలుపెట్టి, పై వరుస కింది వరుసమీదికి వచ్చేలా నేశాడు. పైనుండి మొదలుపెడితే నీళ్ళు సందుల్లోకి దిగుతాయట. ఎత్తు? కూర్చున్న మనిషి తలమీద జానెడు. "అంతకు మించితే పడవ గాలి మాట వింటదండి, గెడ మాట వినదండి" అన్నాడు. గూడు పడవ నడుమ మాత్రమే. ముందూ వెనుకా గెడ వేసేవారికి ఖాళీ ఉంచాడు. పక్కలు తెరిచే ఉంటాయి. ఏటవాలు జల్లు పడితే అడ్డుపెట్టుకోవడానికి చిన్న తడకలు రెండు, జారుముడితో. కొస లాగితే చాలు, ఊడి రావాలి. ప్రతి ముడినీ నా చేత లాగించి చూశాడు. పడవెక్కే పిల్లలకు కూడా నేర్పాడు. ఆకు లంకలోదే, వెదురుకూ తాళ్ళకూ 900 రూపాయలు దాటలేదు.

నోవహు ఓడకు మూడు అంతస్తులని ఎన్నోసార్లు బోధించాను. దాని కప్పు గురించి ఒక్కసారైనా ఆలోచించానా?

ఇనుప గొట్టాలు మా పెరట్లో ఆనపపాదుకు పందిరయ్యాయి. కాపు బాగానే ఉంది, కాయలు లంకకూ తీసికొని వెళ్తున్నాను. ఈ వేసవిలో గూటికి ఆకు మార్చాము. ఆనాటి పసిబిడ్డకు ఇప్పుడు మూడేళ్ళు. మేము పైన ఆకు సర్దుతుండగా వచ్చి, తడక ముడి కొస లాగేసి పరుగెత్తింది. నేను కేకలు వేయబోయాను.

"ఊడింది కదండీ, చాలండి" అన్నాడు తాత.