బేఖసూర్ ఆల్టర్నేటర్

ఫజర్‌కి లేచిన అమ్మీ వుజూ కోసం కుళాయి తిప్పింది. పంపు ఒకసారి మూలిగి ఆగిపోయింది. లైటు వేస్తే ఆరిపోబోయే దీపంలా ఎర్రగా వెలిగింది. ముందురోజు డల్లాస్ నుంచి అమరిల్లో దాకా ఆరు గంటలకు పైగా నడిచిన బండి అది. అంతసేపు ఇంజన్ తిరిగితే బ్యాటరీలు నిండి ఉండాలి.

కర్నూలు నుంచి వచ్చిన అమ్మీకి, అబ్బాజాన్‌కి గ్రాండ్ కాన్యన్ చూపించాలని కొన్న పాత మోటార్‌హోమ్ ఇది. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళ పంపు అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. ఇలాంటి బండిలో బ్యాటరీలు రెండు రకాలు. ఒకటి ఇంజన్‌ది, ఇంకొకటి ఇంటిది. బండి నడిచేటప్పుడు రెంటినీ ఆల్టర్నేటరే చార్జ్ చేయాలి. నెల క్రితం ఇదే బీమారీ వస్తే ఒక షాపులో చూపించాను. ఆల్టర్నేటర్ పోయిందన్నారు. ఆరువందల డాలర్లు పోసి కొత్తది వేయించాను. డబ్బు పోయింది, బీమారీ మాత్రం పోలేదు.

బాటిల్ నీళ్ళతో వుజూ చేసి నమాజ్ చదివాం. తెల్లారాక అబ్బాజాన్ అడిగారు, "మీటర్ ఉందా బేటా?"

ముప్ఫై ఏళ్ళకు పైగా సెల్ఫ్, డైనమో రిపేరీ దుకాన్ నడిపిన మనిషి. ఇప్పుడు షుగర్ వల్ల చూపు తగ్గింది, చేతులు వణుకుతున్నాయి. కుర్చీ వేసుకుని బండి ముందు కూర్చున్నారు. "నువ్వు అంకెలు చదువు, నేను వింటాను" అన్నారు.

ఇంజన్ ఆపి ఉండగా ఇంజన్ బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంటి బ్యాటరీ 11.8.

"పన్నెండు కిందికి పోయిందంటే ఖాళీ అయినట్టే. ఇప్పుడు స్టార్ట్ చెయ్."

ఆల్టర్నేటర్ వెనక బోల్టు దగ్గర 14.3. ఇంజన్ బ్యాటరీ దగ్గర 14.2. ఇంటి బ్యాటరీ దగ్గర అదే 11.8.

"ఇక్కడ కరెంటు ప్లగ్గు లేకపోవడం మంచిదైంది. ఉంటే లోపలి చార్జర్ ఆ బ్యాటరీని పైకి లేపి ఝూటా గవాహీ ఇచ్చేది" అంటూ నవ్వారు. "ఆల్టర్నేటర్ బేఖసూర్. నువ్వు పీకేయించిన పాతది కూడా బేఖసూరే అయ్యుంటుంది."

రెండు బ్యాటరీల మధ్య పిడికిలంత సోలినాయిడ్ ఒకటి ఉంది. తాళం తిప్పితే దాని చిన్న వైరుకి కరెంటు వస్తుంది. లోపలి కాయిల్ లాగుతుంది. అప్పుడు దాని రెండు పెద్ద బోల్టులూ కలిసి, చార్జింగ్ ఇంటి వైపు పోతుంది. ఒక బోల్టు మీద 14.2 ఉంది, రెండోదాని మీద 11.8. అంటే కలవడం లేదు.

"దొరికింది అబ్బాజాన్! సోలినాయిడ్ పోయింది. ఊళ్ళోకి వెళ్ళి కొత్తది తెస్తాను."

ఆయన ముఖం మారిపోయింది. "మళ్ళీ అదేనా? దానికి హుకుం అందిందో లేదో చూశావా? ఎర్త్ ఉందో లేదో చూశావా? సుబూత్ లేకుండా ఇల్జాం వేయడమేనా?"

తలొంచుకుని చూశాను. చిన్న వైరు దగ్గర 14 వస్తోంది. హుకుం అందుతోంది. రెండో చిన్న బోల్టు ఎర్త్‌ది. అక్కడి నుంచి బ్యాటరీ నెగటివ్‌కి కొలిస్తే దాదాపు సున్నా రావాలి. అక్కడా 14 చూపించింది. అంటే కాయిల్‌కి వచ్చిన కరెంటుకి తిరిగి వెళ్ళే దారి లేదు. ఆ నల్ల వైరు వెంబడి చెయ్యి పోనిస్తే బండి చాసిస్ మీద తుప్పు పట్టిన ఒక స్క్రూ దగ్గర ఆగింది.

ఇంజన్ ఆపించి, రెండు బ్యాటరీల నెగటివ్ వైర్లూ ఊడదీయించాకే దాన్ని ముట్టుకోనిచ్చారు. గరుకు కాగితంతో రుద్ది మెరిపించి బిగించాను. వైర్లు మళ్ళీ కలిపి స్టార్ట్ చేస్తే సోలినాయిడ్ 'టక్' మంది. ఇంటి బ్యాటరీ 13.1కి లేచింది. పైసా ఖర్చు కాలేదు.

అమ్మీ చాయ్ తెచ్చింది. అబ్బాజాన్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "దుకాన్‌లో ఒక షాగిర్ద్ ఉండేవాడు. యాదుందా?"

ఎందుకు లేదు? నాకు పదకొండేళ్ళు, అతనికి పదిహేను. ఒకరోజు గల్లాలో మూడువందలు తగ్గాయి. అతను గల్లా దగ్గర నిలబడితే చూశానని చెప్పింది నేనే. అబ్బాజాన్ నలుగురిలో అతన్ని కొట్టి పంపేశారు. తర్వాత ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఆ డబ్బు మీ చాచా సామాన్ల కోసం తీసుకున్నాడు. చెప్పడం మరిచిపోయాడు. పదిహేను రోజులకు తెలిసింది. ఆ పిల్లాడు టెస్టర్ కోసం గల్లా దగ్గరికి వెళ్ళాడు. అది గల్లా పక్కనే కదా ఉండేది. మాఫీ అడుగుదామని ఇంటికి పోతే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను."

"చెప్పింది నేను కదా అబ్బాజాన్" అన్నాను. గొంతు పెగల్లేదు.

"నువ్వు చూసింది చెప్పావు. అది ఒక అంకె, అంతే. మిగతావి కొలవకుండా ఫైసలా చేసింది నేను."

మీ బండి చార్జ్ కాకపోతే సామాను కొనే ముందు పది రూపాయల స్క్రూలు కూడా చూడండి. మీ ఇంట్లో ఏదైనా పోతే పిల్లల మీదో, పనివాళ్ళ మీదో చెయ్యెత్తే ముందు మా దుకాన్ షాగిర్ద్‌ని యాద్ చేసుకోండి. అతను ఎక్కడున్నా సలామత్‌గా ఉండాలని మా ఇంట్లో ఇద్దరం దువా చేస్తున్నాం ఇప్పుడు.

మర్నాడు ఫజర్‌కి పంపు చప్పుడుకే మెలకువ వచ్చింది. అబ్బాజాన్ వుజూ చేస్తున్నారు.