ఉత్తరపు గోడ

“ఏం సార్, డబ్బు దొరికిందా?”

మా సత్యనారాయణపేటలో పాల అంగడి దగ్గరా, మందుల షాపు దగ్గరా ఈ మధ్య నన్ను పలకరించే తీరు ఇది. ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని, చెట్ల మొదళ్లూ రాళ్ల సందులూ వెతుకుతూ తిరిగే ముసలాయన్ను ఇంకేమని అడుగుతారు! దానికి తోడు ఆ ఆట పేరు జియోక్యాషింగ్. అందులో క్యాష్ అంటే రొక్కం కాదయ్యా, దాచిపెట్టిన సరుకు అని అర్థం, ఫ్రెంచి మాటలోంచి వచ్చింది అని నేను చెప్పేలోగా వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోతారు. అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ఆట చిన్నదే. ఎవరో ఒకరు ఒక డబ్బాలో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, నాలుగు ఆటవస్తువులు పెట్టి ఆరుబయట దాస్తారు. ఆ చోటు ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద ఉందో అంకెల్లో ప్రకటిస్తారు. చివర ఒక ఆనవాలు మాటల్లో చెబుతారు. వెతికేవాళ్లు అంకెలు పట్టుకుని అక్కడికి పోయి, డబ్బా కనుక్కుని, పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటనే పెట్టి రావాలి. లోపలి బొమ్మ ఒకటి తీసుకుంటే దానికి సమానమైనది ఇంకొకటి పెట్టాలి. గెలుపూ లేదు, ఓటమీ లేదు. మన దాగుడుమూతల్లో దొంగ మనుషుల్ని వెతుకుతాడు, ఇందులో చోటును వెతుకుతాడు. తేడా అంతే.

ఇలాంటి ఆటకు పాత పునాది ఇంగ్లండులో ఉంది. 1854లో డార్ట్‌మూర్ బీళ్లలో దారి చూపించే జేమ్స్ పెరట్ అనే ఆయన, క్రాన్‌మియర్ పూల్ అనే దూరపు మడుగు దగ్గర ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరు చీటీ అందులో వేసి పోయేవారు. ఇప్పటి రూపం మాత్రం ఆకాశం నుంచి వచ్చింది. భూమికి ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతాలను, సైన్యం అవసరాల కోసం, సామాన్యులకు కావాలనే కొంత చెరిపి ఇచ్చేవారు. దాంతో లెక్క వంద మీటర్ల దాకా అటూ ఇటూ పోయేది. 2000 మే 2న ఆ చెరుపు ఆపేశారు. మరునాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక అడవిదారి పక్కన నల్ల ప్లాస్టిక్ బకెట్ దాచి, దాని అంకెలు ప్రకటించాడు. అందులో పుస్తకాలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయట. ఆ నెలాఖరులోగా ఆటకు ఇప్పటి పేరు కూడా వచ్చింది.

ఆ చోటు నేను చూశాను. మా అమ్మాయి ఆరెగాన్‌లోనే హిల్స్‌బరోలో ఉంటుంది. 2023లో అక్కడికి పోయినప్పుడు, అప్పటికి ఎనిమిదేళ్లున్న మా మనవరాలు నన్ను ఎస్టకాడా అనే ఊరి వైపుకు తీసుకుపోయింది. తల్లి కారు నడిపింది కానీ దారి చెప్పింది పిల్లే. బకెట్ ఎప్పుడో పోయింది. ఆ స్థలంలో 2003లో ఒక లోహపు ఫలకం పెట్టారు. దాని మీద ఆ మొదటి అంకెలు ఉన్నాయి. 45 డిగ్రీల 17.460 నిమిషాల ఉత్తరం, 122 డిగ్రీల 24.800 నిమిషాల పడమర. చుట్టూ పైన్ చెట్లు, తడి మట్టి. మనవరాలు ఫలకం మీద చెయ్యి వేసి, “తాతా, బళ్లారి నంబర్ ఏంటి?” అని అడిగింది. పదిహేను దాటి కొంచెం ఉత్తరం, డెబ్బయ్యేడుకు కొంచెం తక్కువ తూర్పు అని చెప్పాను. “అక్కడ ఏం దాచారు?” అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

పోయిన ఏడాది జూన్ చివర ఆ పిల్ల బళ్లారికి వచ్చింది. ఇక్కడ మా అబ్బాయి పిల్లలు ఇద్దరున్నారు. పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి ఆరు. మా ఇంటి సంగతి మీలో చాలామంది ఇళ్ల సంగతే. 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిననాడే బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటుపోయాయి, మేము ఇటు ఉండిపోయాము. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బడిలో కన్నడం, ఇంగ్లీషు. మనవడు కన్నడం గడగడా చదువుతాడు. తెలుగు అంతే గడగడా మాట్లాడతాడు, చదవలేడు. అమెరికా పిల్ల తెలుగు మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరమూ రాదు. అంకెలు, ఉపగ్రహాలు, దిక్సూచి మాత్రం దానికి కొట్టిన పిండి. ముగ్గురిలో ఎవరికీ తెలుగు చదవడం రాదు, ముగ్గురికీ తెలుగు వచ్చు! అది చూసి ఆనవాళ్లన్నీ తెలుగులోనే రాయాలని నిశ్చయించుకున్నాను. పాఠం చెబుతానంటే పారిపోయే పిల్లలు చీటీ ఇస్తే కూర్చుంటారని నా ఆశ.

మొదటి డబ్బా మా వీధిలోనే, ఒక స్నేహితుడి పెరట్లో. చీటీలో ఇలా రాశాను: “ఎండలో నీడనిస్తాను, ఉగాదికి చేదునిస్తాను. నా వీపు వెనక చూడు.” అమెరికా పిల్ల ఫోను పట్టుకుని ముందు నడిచింది. ఫోను పెరటి దాకా తెచ్చింది, ఆ తర్వాత బాణం గుర్తు ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టింది. నాలుగైనా ఉపగ్రహాలు నేరుగా కనబడితేనే అది లెక్క కట్టగలదు. గోడల మధ్య, కొమ్మల కింద సంకేతం తగిలి వంకర తిరుగుతుంది. ఎంత మంచి ఫోనైనా అయిదారు మీటర్ల దాకా తెచ్చి వదిలేస్తుంది. అక్కడినుంచి ఆనవాలే దిక్కు.

అప్పుడు చీటీ మనవడి చేతికి వచ్చింది. వాడు కన్నడం కళ్లతో తెలుగును చూడటం మొదలుపెట్టాడు. య, ర, ల, వ, మ దాదాపు అవే కదా, దొరికిపోయాయి. క దగ్గర, త దగ్గర ఆగాడు. తలకట్టు చూసి “ఇదేంది తాతా, అక్షరం నెత్తిన టిక్కు పెట్టినారు” అన్నాడు. కన్నడంలో దీర్ఘానికి పక్కన వేరే గుర్తు వేస్తారు, మనం గుడి కొసను తిప్పి దీర్ఘం చేస్తాం. అది ఒక్కసారి చెబితే పట్టుకున్నాడు. చదివింది వాడు, అర్థం చెప్పుకున్నది ఇద్దరూ, చేదు అనగానే “వేపపువ్వు!” అని అరిచింది ఆరేళ్లది. వేపచెట్టు వెనక డబ్బా దొరికింది. అందులో ఉన్నది ఒక గాజుగోలీ, ఒక ఎర్ర పెన్సిలు. వాళ్ల మొగాలు చూస్తే పెద్ద గని దొరికినట్టున్నాయి.

రెండోది ఊరి బయట, సంగనకల్లు దారిలో మా చుట్టాల పొలంలో. ఆదివారం తెల్లవారి అయిదున్నరకే బయలుదేరాం. బళ్లారి ఎండ మీకు తెలియంది కాదు. చీటీ ఇది: “కరెంటు వస్తే పాడతాను, పోతే పడుకుంటాను. నా ఇంటి ఉత్తరపు గోడ చూడు.” పాడేది మోటారు అని తెలుసుకోడానికి ఎంతోసేపు పట్టలేదు. మోటారు గది దగ్గర నిలబడి ఆగిపోయారు.

“ఉత్తర అంటే ఆన్సర్ కదా? గోడ మీద ఆన్సర్ రాసినావా తాతా?” అన్నాడు మనవడు. బడిలో ప్రశ్నె, ఉత్తర అని రోజూ రాసేవాడు వాడు మరి.

“కాదు బావా, ఉత్తరం అంటే లెటర్. అవ్వ చెప్పింది. పోస్ట్‌మ్యాన్ తెచ్చేది” అంది అమెరికా పిల్ల.

ఒకరు గోడ మీద రాత కోసం, ఒకరు గోడ సందుల్లో కాగితం కోసం పది నిమిషాలు వెతికారు. నేను గట్టు మీద కూర్చుని నోరు మెదపలేదు. మిరపతోటలో కలుపు తీస్తున్న పెద్దావిడ ఇదంతా వింటూ ఉంది. నడుము నిలబెట్టి, “పొద్దు పుట్టే దిక్కుకు మొగం పెట్టి నిలబడు పాపా. నీ ఎడమచెయ్యి పక్క ఉండేది ఉత్తరం” అంది. పిల్లలు ముగ్గురూ వరసగా సూర్యుడికి ఎదురుగా నిలబడి ఎడమచేతులు చాపారు. ఆ గోడ మొదట్లో బోర్లించిన పాతకుండ కింద డబ్బా ఉంది. జేబులో దిక్సూచి ఉన్న ఫోను ఉండగా వాళ్లకు దిక్కు చూపింది ఆమె మాట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కుండనుగానీ రాయినిగానీ పిల్లలు చేత్తో ఎత్తకూడదు. ముందు కర్రతో తట్టాలి, కర్రతోనే దొర్లించాలి. మన రాళ్లకింద తేళ్లు కాపురముంటాయి. బూట్లు, టోపీలు, తలకొక సీసా నీళ్లు తప్పనిసరి. ఆరేళ్ల పిల్లకు గంట దాటితే ఆట కాదు, శిక్ష. పొలం ఎవరిదైనా ముందుగా అడగాలి. డబ్బా పైకి పెట్టాలే గాని భూమి తవ్వి పూడ్చకూడదు. ఆ నియమం ఆటలోనే ఉంది. మన ప్రాంతంలో అది మరీ అవసరం. గుప్తనిధుల పేరు చెప్పి రాత్రిళ్లు పాత గుళ్లనూ కోటలనూ తవ్వినవాళ్ల కథలు ఇక్కడ ప్రతి ఊళ్లోనూ వింటాం. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలని 1878 నాటి చట్టమే ఉంది.

మూడో ఆదివారం డబ్బా లేదు. “ఈసారి హిరేగుడ్డకు పోదాం” అన్నాను. అమెరికా పిల్ల కళ్లు పెద్దవి చేసి, “గుడ్డా? అంటే క్లాత్ కదా తాతా?” అంది. మనవడు పడీపడీ నవ్వి, “కన్నడలో గుడ్డ అంటే కొండ. హిరే అంటే పెద్ద” అని చెప్పాడు. ఒకే మాట ఒక ఇంట్లో కొండ, ఒక ఇంట్లో బట్ట!

కప్పగల్లు దగ్గరి ఈ కొండను దొరలు పీకాక్ హిల్ అన్నారు. 1863లో పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఇక్కడ కొత్తరాతియుగం మనుషులు రాతిగొడ్డళ్లు చేసిన కర్మాగారాన్ని గుర్తించాడు. లేత గ్రానైట్ కొండను చీల్చుకుంటూ ఒక నల్లరాతి చాలు పోతుంది. ఆ నల్లబండల మీద మూపురాల ఎద్దులను, మనుషులను రాతితో పొడిచి గీసిన బొమ్మలున్నాయి. 1892లోనే ఫాసెట్ అనే ఆయన వాటి గురించి రాశాడు. తర్వాత లోకం దాదాపు మరిచిపోయింది. 2004లో నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు మళ్లీ రాసింది. కొన్ని బండలను రాతితో తడితే గంటలా మోగుతాయని, వాటి మీద వేల ఏళ్ల నాటి దెబ్బల గుంటలున్నాయని ఆమె తెలియజేసింది. అప్పటికే కొండను రాతి క్వారీలు ఒక పక్కనుంచి తింటున్నాయి.

అక్కడ డబ్బా పెట్టకపోవడానికి కారణం అదే. అలాంటిచోట మనం కొత్తగా దాచవలసింది ఏమీ లేదు, కదిలించకుండా చూసి రావడమే పని. పిల్లలకు ఒకే షరతు పెట్టాను. చెయ్యి వెయ్యకూడదు, బండ మోగించకూడదు, ఎద్దును కనుక్కోవాలి. ఉదయపు ఏటవాలు వెలుగులో గీతలు తేలతాయి, పొద్దెక్కితే మాయమవుతాయి. ఫోను జేబులో పెట్టి ముగ్గురూ బండ బండా చూశారు. మొదట చూసింది చిన్నదే. “కొమ్ములు!” అంది. పొడవాటి కొమ్ములు, వాటి కింద మూపురం. అమెరికా పిల్ల చాలాసేపు ఊరుకుని, “తాతా, దీన్ని దాచినవాళ్లు క్లూ ఏం ఇచ్చారు?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తిరుగుదారిలో బళ్లారిలో ఫుట్ పేరిట ఉన్న సంగనకల్లు పురావస్తు మ్యూజియం చూపించాను. అక్కడి రాతిగొడ్డళ్ల ముందు ఆ పిల్ల కదలకుండా నిలబడింది.

ఆగస్టులో అది వెళ్లిపోయింది. వెళ్లే ముందు పొలంలో డబ్బా దగ్గరకు పోయి, తన పేరు తెలుగులో రాస్తానంది. నేర్పింది మనవడు. వాడు చీటీలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఎంతో అంతే నేర్పాడు.

దసరాకు వాడూ నేనూ పోయి డబ్బా తీసి చూశాం. కుండ కింద భద్రంగానే ఉంది. పుస్తకంలో మొదటి పుటలో అమెరికా పిల్ల పేరు తెలుగు అక్షరాల్లో ఉంది, తలకట్లు మాత్రం కన్నడంవి. రెండో పుటలో నీళ్లు కట్టడానికి వచ్చిన ఎవరో కన్నడంలో తేదీ వేసి సంతకం చేశారు. మూడో పుటలో ఎవరిదో తెలియని చెయ్యి ఒక ఎద్దును గీసింది. మిగిలిన పుటలు ఖాళీగా ఉన్నాయి. మీ పిల్లలతో ఈ వైపుకు వస్తే కబురు చెయ్యండి, అంకెలు ఇస్తాను. చీటీ మాత్రం వాళ్లే చదువుకోవాలి.