బెలుం గుహలలో చెమట ఆరదు

తాడిపత్రి మీదుగా కారులో ప్రయాణించేవారు చాలామంది బెలుం గుహల దగ్గర ఆగుతారు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన నేల మధ్య, పాడుబావివంటి ఒక గొయ్యి. మెట్లు దిగితే సున్నపురాతిని యుగాల తరబడి నీరు కరిగించి తొలిచిన సొరంగాలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని పేర్కొన్నాడు. వందేళ్ల తరువాత గెబావర్ అనే జర్మన్ అన్వేషకుని బృందం లోపలికి వెళ్లి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు సగం మనం నడవవచ్చు.

"లోపల ఊపిరాడుతుందా డాక్టరుగారూ?" అని పెద్దవయసువారు నన్ను అడుగుతుంటారు. గాలిని గొట్టాల ద్వారా లోపలికి పంపుతున్నారు కనుక నడిచే దారిలో ఆ భయం అక్కరలేదు. అసలు ఇబ్బంది చెమటతో వస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే శరీరం నుండి సుమారు 580 కిలోకాలరీల వేడి తొలగిపోతుంది. గుహలో గాలి తేమతో నిండి ఉంటుంది. చెమట ఆవిరి కాదు, ఊరికే కారిపోతుంది. నీరు పోయినా ఒళ్లు చల్లబడదు. అప్పుడు గుండె చర్మానికి మరింత రక్తం పంపవలసి వస్తుంది, నాడి వేగం పెరుగుతుంది.

నాతో వచ్చిన బంధువు ఒకామెకు అరవై దాటాయి. రక్తపోటుకు ఆమె వాడే మాత్రలలో మూత్రాన్ని అధికం చేసేది ఒకటి ఉంది. 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ చూసి మెట్లెక్కుతుండగా కళ్లు తిరిగి గోడ పట్టుకున్నది. పక్కన పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి, విసిరాము. తేరుకున్నాక కొద్దికొద్దిగా నీళ్లిచ్చి, ఉదయం నుండి ఎన్ని తాగావని అడిగాను. "కాఫీ తప్ప ఏమీ లేదన్నయ్యా. దారిలో ఆడవాళ్లు దిగడానికి చోటెక్కడుంటుంది?" అన్నది.

ఈ మాట నేను వైద్యవృత్తిలో ఎన్నోసార్లు విన్నాను. మన స్త్రీలు ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుండే దాహం అణచుకుంటారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ అని వచ్చినవారిని కాస్త కదిపితే, అంతకు ముందు తీర్థయాత్రో పెళ్లిప్రయాణమో బయటపడేది. అలా ఎండిన శరీరంతో గుహలోకి దిగడం మంచిది కాదు.

కనుక దిగే ముందే నీరు తాగండి; పలుచని నూలు బట్టలు కట్టుకోండి. గుండె నీరసించినవారు, నాలుగు మెట్లకే ఆయాసపడేవారు పైనే కూర్చోవడం మేలు. గుండెజబ్బుకో మూత్రపిండాల జబ్బుకో నీరు తగ్గించి తాగమన్నవారు ఎంత తాగాలో తమ వైద్యుణ్ణి ముందే అడగాలి. ప్రయాణమని రక్తపోటు మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అది చెమట వల్లనే అనుకొని కూర్చోక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మరి కారు నడిపేవారికి ఒక మాట. బయలుదేరేటప్పుడే, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులో రెండు గంటలకొకసారి ఆపుతానని ఇంట్లో ఆడవారికి చెప్పండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి. అడగరు.