సాలువాలో మంచు వాలు

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి సాలువా వైపు వెళ్తే ఎర్రమట్టి నేల స్వాగతం పలుకుతుంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం, వైమానిక దళ స్థావరం ఉన్న ఈ ఊళ్లో మే నెల ఎండ నిప్పులు చెరుగుతుంది. అలాంటి మధ్యాహ్నం, మావయ్యగారి మనవడు కంప్యూటర్‌లో మంచు గ్రహం మీద రోవర్ నడుపుతున్నాడు. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష దగ్గరకొస్తున్నా ఆట మానడని ఇంట్లో అందరికీ బెంగ.

ఆట పేరు ఎలీట్ డేంజరస్. 2015 డిసెంబర్‌లో వచ్చిన హొరైజన్స్‌తో అందులో గాలి లేని గ్రహాలపై దిగే వీలు కలిగింది. నేనూ ప్రయత్నించాను. వాలులో వేగం పెంచానో లేదో చక్రాలు నేలను వదిలేశాయి. బండి పల్టీలు కొట్టి గోతిలో పడింది. గురుత్వాకర్షణ తక్కువైతే బరువు తగ్గుతుంది, చక్రాల పట్టు సడలుతుంది. ద్రవ్యరాశి మాత్రం తగ్గదు. అందుకే కదిలిన బండి ఓ పట్టాన ఆగదు.

గూడ్సు బండ్లు నడిపి రిటైరైన మావయ్య నవ్వారు. "తోలడం ఎవరికైనా వస్తుంది అల్లుడూ. ఆపడం తెలిసినోడే డ్రైవరు."

2023 ఆగస్టు 27న చంద్రుడి మీద ప్రజ్ఞాన్‌కు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. వెనక్కి మళ్లమని ఇస్రో ఆదేశించింది. అక్కడ మరో రోవర్ లేదు మరి.

మనవడు మళ్లీ బయల్దేరాడు, ఈసారి నెమ్మదిగా. మావయ్య కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "బ్రేకు ముందే వెయ్యరా!"