ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు కాదట!

మనకి ప్రొడ్యూసర్ అంటే సినిమాకి డబ్బు పెట్టేవాడే కదండీ. సంగీతంలో అలా కాదట. ఏ వాయిద్యం ఎక్కడ రావాలి, గొంతు ఎంత ముందుకి వినబడాలి, ఎక్కడ అన్నీ ఆగిపోవాలి అని చూసుకుని పాటని పూర్తిచేసేవాడట. ఈ సంగతి మా అబ్బాయే చెప్పాడు, డబ్బులు అడిగే ముందు.

వాడికిది డిగ్రీ చివరి ఏడాది. మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్లు కావాలట. నా చీటీ డబ్బుల మీద కన్నుపడింది. మావారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా. "పాటలు కూడు పెడతాయేంట్రా?" అన్నారు. "రామ్ మిరియాలకి పెట్టలేదా నాన్నా?" అన్నాడు వీడు.

సరే, ఆయన ఏ దారిన వచ్చాడో చూద్దామని కూర్చున్నాను. సినిమాల్లో పేరు రాకముందే స్నేహితులతో చౌరస్తా బ్యాండ్ ఉంది. 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామ' లాంటి పాటల వెనక హీరో లేడు, సినిమా లేదు. అయినా జనం విన్నారు. 2020లో కరోనా జాగ్రత్తలు చెప్పిన వాళ్ల పాట ఊరూరా మోగింది. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు, ట్యూన్ రధన్‌ది. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకి ట్యూనూ గొంతూ తనవే, మాటలు కాసర్ల శ్యామ్‌వి. 2023లో 'బలగం'లో భీమ్స్ ట్యూన్‌కి మంగ్లీతో కలిసి పల్లెటూరి పాట పాడాడు.

ఇదంతా చదివాక నాకు తట్టింది ఒక్కటే. తనకి ట్యూన్ కట్టడం వచ్చినా ఇంకొకరి ట్యూన్ పాడాడు, ఇంకొకరి మాటలు తీసుకున్నాడు. ఏదీ ఒంటరిగా జరగలేదు. మావాడేమో తలుపేసుకుని, చెవులు మూసుకుని, రాత్రి రెండింటిదాకా ఒక్కడే! నాకు డబ్బులకంటే ఆ మూసిన తలుపే ఎక్కువ బెంగ.

"నీ చౌరస్తా ఎవర్రా నాన్నా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, గవరపాలెంలో డప్పు బాగా వాయించే కుర్రాడొకడు ఉన్నాడనీ, అడగడానికి మొహమాటమనీ చెప్పాడు.

మైకుకి సరిపడా ఇచ్చాను. మిగతాది ఇద్దరూ కలిసి ఒక్క పాట పూర్తిచేశాక. డిగ్రీ మాత్రం ఆపడానికి లేదు.

పోయిన ఆదివారం ఆ కుర్రాడు వచ్చాడు. నలుగురికి సరిపడా ఉప్మా చేస్తే ఇద్దరే తినేశారు. మావారు పేపరు పక్కన పెట్టి, "ఆ డప్పు ఇంకొంచెం గట్టిగా వినపడాల్రా" అన్నారు.

ఇంట్లో ఇంకో ప్రొడ్యూసర్ తయారయ్యారన్నమాట!