అడ్డాకు మీద పోగు

పాడేరు నుంచి ఎటు పోయినా ఇప్పుడు కొండవాలు నిండా నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల పాదులు, ఆ నీడలో నిగనిగలాడే కాఫీ మొక్కలు. పళ్ళు ఎర్రబడే రోజుల్లో కోతకు వెళ్ళిన ఆడవాళ్ళ మాటలు రోడ్డు దాకా వినిపిస్తాయి. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివి సంతోషపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ గింజల డబ్బుతో పూరిళ్ళు స్లాబు ఇళ్ళయ్యాయి, ఆ ఇళ్ళలోంచి పిల్లలు విశాఖపట్నం కాలేజీలకు వెళ్ళారు. అది కాదనుకునే మనిషిని కాను. కానీ ఆ తోటల గుండా నడుస్తున్నప్పుడు, ఇదిగో ఇక్కడే కదా అడవిపందులు దిగే దారి ఉండేది, ఆ మలుపులోనే కదా జీలుగు చెట్టుకు కట్టిన కుండ వేలాడేది, ఆ బండ దగ్గరే కదా వేటకు పోయినవాళ్ళు మాట ఆపేసి చేత్తో సైగలు మొదలుపెట్టేవాళ్ళు అని లోపల ఒక లెక్క దానంతటదే నడుస్తూ ఉంటుంది.

మా నాన్న ఆ కొండల్లో బడిపంతులు. బడినీ మా ఇంటినీ ఆనుకునే గిరిజనుల ఊరు. పక్కింటి తాత చూరులో విల్లు ఎప్పుడూ నారి విప్పి అడ్డంగా దోపి ఉండేది. పొయ్యి పొగకు నల్లబడి, చెయ్యి పట్టే చోట మాత్రం తేనెరంగులో నునుపు తేలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం, మసి, చెమట కలిసిన వాసన వేసేది. విల్లు వెదురుదే, నారీ వెదురు బెత్తు చీల్చిందే. అమ్ముల ములుకులు మాత్రం కమ్మరి కొలిమిలో కాగినవి. పిట్టలకు వాడే అమ్ము కొసన ఇనుము ఉండదు, మొద్దుగా చెక్కిన కర్రముక్క ఉంటుంది. ఈకలు చెడకుండా, మాంసం చితకకుండా పిట్ట పడిపోవాలని. నాటు తుపాకులు ఒకటో రెండో ఉండేవి కానీ వాటిని బయటికి తీయడంలో ఎప్పుడూ ఒక బెదురు ఉండేది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్‌లోంచి తుపాకులు పట్టుకుపోయిన ముచ్చట నిన్నగాక మొన్న జరిగినట్టే చెప్పుకునే ఊళ్ళవి. తుపాకీ అంటే సర్కారు కన్ను పడే వస్తువని అందరికీ తెలుసు. విల్లుకు ఆ భయం లేదు, మందు గుండు కొనే ఖర్చూ లేదు.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చేది. పోడు కొట్టిన కొండ ఎండి, తొలకరికి ఇంకా వ్యవధి ఉండే రోజులు. దిసారి ముహూర్తం చూసి చెప్పాక మగవాళ్ళంతా విల్లంబులు, బరిసెలు, కుక్కలతో అడవికి పోయేవాళ్ళు. ఊరు ఆడవాళ్ళదయ్యేది. వాళ్ళు థింసా ఆడుతూ, రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే లారీలను, జీపులను ఆపి డబ్బులు అడిగేవాళ్ళు. అడవి నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళకు పేడనీళ్ళతో, ఎగతాళి పాటలతో స్వాగతం. కాబట్టి ఏమీ దొరకని జట్టు ఊరికి దూరంగా పొద్దుగూకే దాకా కూర్చుని, చీకట్లో ఒక్కొక్కరుగా పెరటిదారిన ఇళ్ళు చేరేది.

వేటంటే పరుగులు, కేకలు అనుకుంటారు చూడనివాళ్ళు. చాలాభాగం కూర్చోవడమే. పిడికెడు బూడిద కొంగున కట్టుకుపోయి, కొద్దికొద్దిగా జారవిడుస్తూ అది ఎటు వాలుతుందో చూసుకోవడం. "గాలి నీ ఈపు మీంచి ఎల్తే నువ్వొత్తన్నట్టు అడివంతా తెలిసిపోద్ది బాబూ" అనేవాడు తాత. తడినేల మీద గిట్టల అచ్చు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, నీరు ఊరి మెత్తబడ్డాయా. ముళ్ళపంది తవ్విన దుంప కోత తెల్లగా ఉందా, ఎర్రబారిందా. కొండగొర్రె కుక్కలా అరిచిందంటే మనల్ని చూసిందా, చిరుతను చూసిందా. ఇవన్నీ ఎవరూ పాఠంలా చెప్పలేదు. పెద్దవాళ్ళు ఆగిన చోట ఆగి, వాళ్ళు వంగి చూసింది మనమూ వంగి చూడటమే చదువు. మధ్యాహ్నానికి పచ్చి వెదురు గడ నరికి, కణుపులో బియ్యం, నీళ్ళు పోసి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద ఏటవాలుగా ఆనించేవాళ్ళు. గడ పైన మాడి లోపల అన్నం ఉడికేటప్పుడు ఒక పసరువాసన వచ్చేది. కుండ మొయ్యనక్కర్లేదు, కడగనక్కర్లేదు, తిన్నాక విసిరెయ్యడమే. ఆ గడలోనే కోడిమాంసం కూరి, బొంగులో చికెన్ అని ఇవాళ అరకులోనూ మారేడుమిల్లిలోనూ పర్యాటకులకు అమ్ముతున్నారు. రుచిగానే ఉంటుంది, దాంతో కొన్ని కుటుంబాలు బతుకుతున్నాయి కూడా.

నాకు మరవరానిది మాత్రం వేట కాదు, వేట ఇల్లు చేరాక జరిగేది. ఊరి మధ్య మామిడిచెట్టు కింద అడ్డాకులు వరసగా పరిచేవాళ్ళు, ఇంటికొక ఆకు. పందిని కాల్చి, బొచ్చు గీకి, పెద్ద మొద్దు మీద నరికేవాళ్ళు. ముందు దెబ్బ వేసినవాడికి తల, వెనక తొడలో ఇంత. కుక్క ఎవరిదైతే వాళ్ళకు కుక్క పేరున కొంచెం. మిగిలిందంతా పోగులు. త్రాసు లేదు, కంటి కొలతే. కార్జం చిన్నచిన్న ముక్కలు చేసి ప్రతి ఆకులోనూ ఒకటి పడేలా చూసేవాళ్ళు. ఒక పోగులో దుమ్ములు ఎక్కువైతే పక్క పోగులోంచి కొవ్వుముక్క తీసి ఇందులో వేసేవాళ్ళు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు "అది సిన్నదయిపోనాది" అని వేలు పెట్టి చూపిస్తే ఎవరూ విసుక్కునేవాళ్ళు కారు, దిద్దేవాళ్ళు. చివర ఒక పిల్లవాణ్ణి పోగులకు వీపుపెట్టి నిలబెట్టి, ఒక ఆకు మీద పుల్ల ఆనించి "ఇదెవరికి?" అని అడిగితే వాడు ఒక్కో ఇంటి పేరూ చెప్పుకుపోయేవాడు. వాడు మరిచిపోయిన ఇంటిని పెద్దవాళ్ళు అందించేవాళ్ళు. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఇల్లు, జ్వరంతో వేటకు రాలేని వాడి ఇల్లు, ఊళ్ళో ఎవరితోనూ పొసగనివాడి ఇల్లు, బడిపంతులుగారి ఇల్లు, అన్నీ ఆ లెక్కలోకి వచ్చేవి. ఆకు మడిచి, ఈనె గుచ్చి ఇచ్చిన పొట్లం ఇంకా వెచ్చగా ఉండేది. రక్తమూ అడ్డాకు వగరూ కలిసిన వాసన చేతులకు రెండ్రోజులు పోయేది కాదు.

వాళ్ళు మనకంటే మంచివాళ్ళు కాబట్టి పంచుకున్నారని నేను అనుకోను. ఆ ఎండల్లో మాంసం నిలవ ఉండదు. ఇవాళ నేను నీకివ్వకపోతే రేపు నువ్వు నాకివ్వవు. అవసరం నేర్పిన మర్యాద అది. పంచే తీరులోనూ ఎచ్చుతగ్గులుండేవి. దేవతకు కోసిన మాంసంలో కొన్ని భాగాలు ఆడవాళ్ళు ముట్టకూడదనేవాళ్ళు. ఎందుకని అడిగితే అంతే అనేవాళ్ళు. కడుపుతో ఉన్న జంతువునూ వదిలేవాళ్ళు కాదు, ఆకలి అంత పని చేయించేది. వానాకాలం మధ్యలో పాత గింజ అయిపోయి కొత్త చోళ్ళు చేతికి రాని నెలల్లో మామిడి టెంకలు ఎండబెట్టి, దంచి, కడిగి, అంబలి కాచుకునేవాళ్ళు. టెంక పిండి చెడితే వాంతులు, విరేచనాలు పట్టుకుని మనుషులు పోయేవాళ్ళు. చలిజ్వరం వస్తే దుప్పటి కప్పి ఎదురుచూడటమే. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో వేసుకుని గెడ్డలు దాటించే కథ కొన్ని ఊళ్ళలో ఇంకా ముగియలేదు. ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకునే అర్హత, డోలీ మోసిన భుజాల ముందు, నాకు లేదు.

గెడ్డ సంగతి వేరు. వేట మగవాళ్ళదైతే చేపలు అందరివీ. వేసవిలో పారుదల సన్నగిల్లి గెడ్డ మడుగులు మడుగులుగా మిగిలినప్పుడు రాళ్ళు, మట్టి, ఆకులతో పైన అడ్డుకట్ట వేసి, మంగకాయలు దంచి ఆ గుజ్జు నీళ్ళలో పిసికేవాళ్ళు. కాసేపటికి చేపలు మత్తెక్కి పక్కకు ఒరిగి పైకి తేలేవి. అప్పుడు ఊతలు, బుట్టలు, పాత చీరలు, ఉత్త చేతులు, ఏది ఉంటే దాంతో అందరూ దిగేవాళ్ళు. పరిగెలు, బొమ్మిడాయిలు, బురదలో జారిపోయే మార్పులు. రాతి కింద పీతను వెనకవైపు నుంచి రెండు వేళ్ళతో పట్టుకోవడం ఆడపిల్లలకే బాగా వచ్చేది. ఉప్పూ పసుపూ రాసి, ఆకులో చుట్టి నిప్పుల్లో వేస్తే ఆకు మాడే వాసనతో పాటే చేప ఉడికిన వాసన తెలిసేది. మిగిలినవి పొయ్యి మీద అటకకెక్కి, పొగకు బిగిసి, వానల్లో పులుసులోకి దిగేవి. సాయంత్రం అడ్డుకట్ట తెంచేస్తే కొత్త నీరు మడుగులోకి వచ్చి, పట్టుబడని చేపలు కొన్ని తేరుకుని ఈదుకుంటూ పోయేవి. తరవాత్తరవాత కొందరు బ్లీచింగ్ పౌడరు సంచులతో దిగారు. అది గుడ్డునూ పిల్లనూ కూడా మిగల్చదు. అయినా వాళ్ళను తిట్టడానికి నోరు రాదు. గెడ్డ మీద ఊరంతా కలిసి దిగే రోజు పోయాక, ఒంటరిగా వచ్చినవాడికి తొందరే కదా ఉండేది.

పంట కాపలా రాత్రులు మరో లోకం. పోడు చేను మధ్య నాలుగు గుంజల మీద మంచె, దాని కింద నెగడు. సామ, కొర్ర, చోడి పొట్టకొచ్చిన రోజుల్లో చీకటి పడితే చాలు ఒక కొండ మీంచి కేక, దానికి అవతలి కొండ మీంచి బదులు, మధ్యలో డబ్బా చప్పుడు. నిద్రపోతున్నావా అని పలకరించడం, పందులు అటు వస్తున్నాయని హెచ్చరించడం, ఊరికే భయంపోవడానికి పాడటం, అన్నీ ఆ కేకల్లోనే. పగలు పిట్టలమీద పిల్లలు ఒడిసెల తిప్పేవాళ్ళు. పోడు తగ్గి కాఫీ వచ్చాక మంచెల పని తగ్గింది. పందులు మాత్రం ఉన్నాయి. కొన్నిచోట్ల వాటి కోసం రాత్రుళ్ళు కరెంటు తీగ పరుస్తున్నారు. ఆ తీగ పందికీ మనిషికీ తేడా చూడదు.

ఇదంతా ఏ ఒక్కరో తీసేసింది కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట నేరమైంది. అప్పటికే అడవి పలచబడింది. కలపకు కొంత పోయింది, పోడుకు కొంత, మాచ్‌ఖండ్, సీలేరు జలాశయాల కింద కొంత. 1955లో మాచ్‌ఖండ్ నుంచి కరెంటు తీగలు ఈ కొండల మీదుగానే మైదానానికి వెళ్ళాయి. వాటి కింది ఊళ్ళలో చాలావాటికి దీపం రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇనుపరాయి మోసే రైలు కొండలు తొలుచుకుని వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టాక చింతపండుకూ తేనెకూ సావుకారు చెప్పిందే ధరగా ఉన్న రోజులకు కొంత అడ్డుపడింది. సంతలో బ్రాయిలర్ కోళ్ళ పంజరాలు దిగాయి. చట్టం చేసిన పనికన్నా ఆ పంజరాలు చేసిన పని ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. కణితి జాడ వెతుక్కుంటూ మూడు కొండలు దాటడం కంటే అరకేజీ తూయించుకుని ఇంటికి రావడం ఎవరికైనా సుఖమే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ జనానికి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద, నీళ్ళలోని చేపల మీద హక్కు రాసి ఇచ్చింది, వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. సబబే అంటాను. పట్టుమని పది కొండగొర్రెలు కనపడని కొండల్లో వేట హక్కు అడగడంలో అర్థం లేదు.

ఐతే వేటతో పాటు పోనక్కర్లేనిది ఒకటి, ఎవరూ గమనించకుండానే పోయింది. ఆ పిల్లవాడు వీపుపెట్టి నిలబడి చదివిన ఇళ్ళ లెక్క. ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఎవరు మంచాన పడ్డారో ఆ లెక్కలో తేలిపోయేది. ఒక్క ఇంటిని మరిచినా పోగులు సరిపోయేవి కావు. అరకేజీ మాంసానికి ఆ లెక్కతో పని లేదు, త్రాసు ఒక్కటి చాలు. పెరిగిన సుఖం ఎంత నిజమో, ముసలమ్మ ఇల్లు ఎవరి నోటా రాకుండా ఏడాది గడిచిపోవడమూ అంతే నిజం.

ఇటుకల పండుగ ఇంకా ఉంది. విల్లు పట్టుకుని అడవి దాకా వెళ్ళిరావడం చాలాచోట్ల ఆనవాయితీగా మిగిలింది, ఆడవాళ్ళు ఇప్పుడు కార్లను ఆపుతున్నారు. ఆ పండుగలోనే ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి దేవత ముందు పెట్టి, పూజ చేసి, మళ్ళీ అందరూ పంచుకునే పని ఒకటుంది. వేట హడావుడిలో చిన్నప్పుడు దాన్ని నేను సరిగా చూడనే లేదు. ఇవాళ అన్ని ఇళ్ళనూ పేరుపేరునా పిలిచేది ఆ విత్తనాల దగ్గరే. అక్కడికి తేవడానికి ఇంట్లో సొంత విత్తనం ఉండాలి. సంతలో కొన్న పొట్లాలు తెచ్చి పెట్టే ఇళ్ళు పెరిగితే, పూజ జరుగుతుంది కానీ పంచుకోవడానికి ఏమీ ఉండదు. ఈ కొండల కోసం ఏమన్నా అడగమంటే పాత విల్లును చూరులోంచి దింపమని అడగను. కాఫీ తోట అంచున అరెకరం సామకూ చోడికీ ఉంచుకోమని, ఆ గింజ కొత్త ఏడుకు దాచమని, దాన్ని పట్టుకుని చైత్రంలో అందరి మధ్యకూ రమ్మని అడుగుతాను.